మీ మాటల్ని మింగేస్తున్నది మీ ఇయర్‌బడ్సే

ప్రశ్న: లిబ్రివాక్స్‌లో వాలంటీర్లం కలిసి జార్జ్ ఇలియట్ ‘మిడిల్‌మార్చ్’ నవలని ఉచిత ఆడియోబుక్‌గా చదువుతున్నాం. నా వంతు మూడు అధ్యాయాలు. కొత్త బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌తో రికార్డు చేసి పంపితే రెండుసార్లు తిప్పి పంపారు. కుండలోంచి మాట్లాడినట్టు ఉందట, వాక్యాల చివర మాటలు మింగేస్తున్నానట. గొంతును శుభ్రం చేసే ఉచిత యాప్ కూడా వాడి చూశాను, ఇంకా పాడైంది. ఏం చేయాలి?
– రిటైర్డ్ ఇంగ్లిష్ లెక్చరర్, హనుమకొండ

మీరేం మింగట్లేదు మేడమ్, మీ ఇయర్‌బడ్స్ మింగుతున్నాయి. పాటలు పాడేవాళ్లు, యూట్యూబ్‌లో కథలు చెప్పేవాళ్లు, అందరిదీ ఇదే గోల, రాసి రాసి నాకు విసుగొచ్చింది. పాట వినేటప్పుడు కమ్మగా పలికే ఇయర్‌బడ్స్, మైక్ ఆన్ కాగానే చాలావరకు ఫోన్ కాల్ పద్ధతిలోకి దిగిపోతాయి. అప్పుడు మీ గొంతును సెకనుకు 8 వేల సార్లో, 16 వేల సార్లో మాత్రమే కొలుస్తాయి. లిబ్రివాక్స్ అడిగేది 44.1 కిలోహెర్ట్జ్, అంటే సెకనుకు 44,100 సార్లు కొలిచిన, 128 కేబీపీఎస్ ఎంపీ3. సేవ్ చేసేటప్పుడు 44.1 అని పెట్టేస్తే పని అయిపోయిందనుకుంటారు చాలామంది, అసలు రికార్డులోనే లేని ధ్వని తర్వాత ఎక్కడినుంచి వస్తుంది? వైరు మైక్ కొనండి, మామూలుదే చాలు.

వాక్యాల చివర మాట పోవడం వేరే రోగం. చుట్టుపక్కల చప్పుడును తీసేస్తానని చెప్పుకునే సదుపాయం, మీ గొంతు సహజంగా తగ్గినచోట దాన్నీ చప్పుడే అనుకుని కోసేస్తుంది. దానికి తోడు మైక్ శబ్దాన్ని తనంతట తానే పెంచి తగ్గించే ఇంకొకటి. ఇలియట్ వాక్యాన్ని మధ్యలో ఊపిరి తీసుకోకుండా చదవడం మనిషి వల్ల కాదు కదా, మీరు ఆగిన ఆ క్షణంలో అది శబ్దం పెంచేస్తుంది, గదిలో హోరంతా లేస్తుంది, మళ్లీ మీరు మొదలుపెట్టగానే గప్‌చుప్. ఈమధ్య అప్‌డేట్లలో ఇవన్నీ ఆన్ చేసే ఇస్తున్నారు, ఆపే బటన్ ఏ మెనూ అడుగునో ఉంటుంది, కొన్నిటికి అసలు ఉండదు. ఎవరడిగారండీ? రెండు నిమిషాల కాల్ కోసం తయారుచేసినదాన్ని ‘స్టూడియో నాణ్యత’ అని అమ్మడం నాకు మోసంలాగే కనిపిస్తుంది.

ఇక నాకు నిజంగా టెన్షన్ పెట్టింది ఆ ఉచిత యాప్. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు కాంటాక్టులు, ఎస్సెమ్మెస్‌లు చూడనిమ్మని అడిగిందా? అడిగితే మీరు సరే అన్నారా? చీపురు అమ్మొచ్చినవాడు బీరువా తాళం అడిగితే ఇస్తామా? మీ ఓటీపీలు ఉండేది ఎస్సెమ్మెస్‌ల్లోనే. యాక్సెసిబిలిటీ అనుమతి, అంటే స్క్రీన్ మీద ఉన్నది చదివి మీ బదులు నొక్కే వీలు, ఇచ్చి ఉంటే ముందు సెట్టింగ్స్‌లో దాన్ని ఆపండి, తర్వాత యాప్ తీసేయండి, ఈ పని ఇవాళే చేయండి. చప్పుడు తగ్గించడానికి కంప్యూటర్లో ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్ ఉంది, ఉచితం, మీ ఫైలు ఎక్కడికీ అప్‌లోడ్ చేయక్కర్లేదు. అందులోనూ కొంచెమే తగ్గించండి, అతి చేస్తే గొంతు రేకుడబ్బాలా మోగుతుంది.

మీరు అడగలేదు గానీ ఇంకొకటి. 2005లో హ్యూ మెక్‌గ్వైర్ లిబ్రివాక్స్ మొదలుపెట్టినప్పుడు చదివినవాళ్లు రికార్డింగ్ మీద హక్కులన్నీ వదులుకోవడం గొప్ప ఔదార్యం, ఇప్పటికీ ఔదార్యమే. కానీ గొంతును నకలు చేసే సాఫ్ట్‌వేర్ అప్పట్లో ఇలా అందరి చేతుల్లో లేదు. ఇప్పుడు కొద్దిపాటి శుభ్రమైన రికార్డింగ్ దొరికితే చాలు, మీరేమో మూడు అధ్యాయాలు ఇస్తున్నారు, ఒకసారి జనంలోకి వెళ్లాక దాన్ని వెనక్కి తీసుకోలేరు. చదవడం మానమని అనట్లేదు. కలం పేరు పెట్టుకోండి, అక్కడ ఒప్పుకుంటారు. జార్జ్ ఇలియట్ అసలు పేరు మేరీ ఆన్ ఎవాన్స్, మగ కలం పేరుతోనే కదా ఇంత నవల రాసింది. రికార్డింగ్ మొదట్లో పేరు, ఊరు చెప్పడం తప్పనిసరి కాదు, ఊరు వదిలేయండి. మీ గొంతుతో పిల్లలకు ‘అర్జెంటుగా డబ్బు పంపరా’ అని ఫోనొస్తే ఏం అడగాలో, మీ ఇంట్లోవాళ్లకే తెలిసిన ఒక మాట ముందే అనుకుని ఉంచండి.

వైరు మైక్ వచ్చాక ముందు ఒక్క నిమిషం చదివి టెస్ట్ ఫైలు పంపండి, వాళ్లు విని చెబుతారు. పాత ఫైళ్లను బాగుచేసే దారి మాత్రం లేదు, మూడు అధ్యాయాలూ మళ్లీ చదవాల్సిందే.