గ్యాస్ ఆవిరి ఇంజిన్‌లో మంట నిలవడం లేదు, ఏ గ్యాస్ వాడాలి?

చిత్తూరులో మిద్దె మీద, గ్యాస్ మంటతో నిజంగా ఆవిరి పుట్టించి నడిచే బొమ్మ రైలింజిన్ కోసం 45 మి.మీ. వెడల్పు పట్టాలు వేసుకున్నామనీ, మధ్యాహ్నం వెలిగిస్తే మంట భగ్గుమని ఆరిపోతోందనీ, గ్యాస్ కంపెనీ మార్చాలా అనీ అడిగారు.

కంపెనీ కాదు, వేళ మార్చండి. బ్యూటేన్ పీడనం వేడిని బట్టి మారుతుంది. 20 డిగ్రీల దగ్గర గేజీ మీద సుమారు 1 బార్ ఉండేది 40 డిగ్రీలకు 2.8 దాకా పోతుంది. ఈ ఇంజిన్లతో వచ్చే పుస్తకాలు చాలావరకు చలిదేశాల కోసం రాసినవి. కుళాయి ఎంత తిప్పాలో అందులో చెప్పిన కొలత మన మే నెలకు పనికిరాదు. గ్యాస్ మరీ జోరుగా తన్నుకొస్తే మంట బర్నర్‌ను వదిలేసి ఆరిపోతుంది. పొద్దున ఆరింటికి, గాలి తగలని నీడలో పెట్టి చూడండి.

గ్యాస్ నింపిన వెంటనే వెలిగించకండి. ద్రవ గ్యాస్ జెట్ (బర్నర్‌లోకి గ్యాస్ చిమ్మే సన్నటి రంధ్రమున్న ముక్క) దాకా వస్తే మంట పసుపుగా ఎగుస్తుంది, అందుకని ఐదు నిమిషాలు ఆగాలి. తరువాత పొగగొట్టం మూతి దగ్గర లైటర్ పట్టుకుని కుళాయి వెంట్రుకవాసి తిప్పండి. టప్‌మని మంట వెనక్కి దూకి బాయిలర్ గొట్టంలో కూర్చుంటుంది. సన్నటి రొద వస్తే సరిగ్గా ఉన్నట్టు, ఊళ పెడితే కొంచెం తగ్గించాలి. ముందున్న పొగపెట్టెలోనే మండుతుంటే ఆపేసి, లోపలి గ్యాస్ పోయేదాకా ఆగి మళ్లీ వెలిగించండి, లేకపోతే రంగు మాడిపోతుంది.

పొద్దున కూడా మంట నీరసంగా ఉంటే జెట్ మూసుకుపోయినట్టే. సూది పెట్టి పొడవకండి, రంధ్రం పెద్దదైతే ఆ జెట్ ఇక పనికిరాదు. ఊడదీసి థిన్నర్‌లో నానబెట్టి, మంటకు దూరంగా, గ్యాస్ డబ్బా మూతికి తిరగేసి పెట్టి ఊదితే చెత్త వచ్చిన దారినే పోతుంది. జెట్ బిగించే మర చుట్లకు తెల్ల టేపు చుట్టకండి, దాని పోగులే జెట్‌లో ఇరుక్కుంటాయి. ఇక ఇంటి సిలిండర్ నుంచి పట్టుకునే వాళ్లున్నారు, అది ప్రాణాలతో చెలగాటం. అందులో ప్రొపేన్ కూడా ఉంటుంది, ఈ చిన్న ట్యాంకు బ్యూటేన్ కోసం చేసింది.

మీరు గ్యాస్ గురించి అడిగారు గానీ, మన వైపు ఇంజిన్లను చంపేది నీళ్లు. బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లగా పేరుకునేదే బాయిలర్‌లోనూ పేరుకుంటుంది. అక్టోబరు, నవంబరు వానల్లో మొదటి జల్లు వదిలేసి, తరువాతి నీళ్లు పట్టి గుడ్డతో వడకట్టి దాచుకోండి, లేదంటే డిస్టిల్డ్ వాటర్ కొనండి. ఇప్పటికే సున్నం పట్టి ఉంటే లీటరు గోరువెచ్చటి నీళ్లలో 50 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి అరగంట ఉంచి, మూడు నాలుగు సార్లు కడగండి. రాత్రంతా వదిలేస్తే ఇత్తడి భాగాలు దెబ్బతింటాయి.

నీళ్లమట్టం చూపే గాజు గొట్టం లేని చిన్న ఇంజినైతే బాయిలర్ నిండా పోసి, సిరంజితో 30 మి.లీ. వెనక్కి తీయండి, ఆవిరికి చోటు కావాలి. నీళ్లకంటే ముందు గ్యాస్ అయిపోయేలా ట్యాంకు కొలత పెట్టి ఉంటారు. నీళ్లు పోయకుండా గ్యాస్ ఒక్కటే మళ్లీ నింపితే బాయిలర్ ఎండుతుంది, రబ్బరు రింగులు కాలిపోతాయి. ఎండాకాలం మంట జోరుకు నీళ్లు ఇంకా త్వరగా తరుగుతాయి.

నూనె సంగతి. కొబ్బరినూనె, మిషన్ నూనె, బైకు ఆయిల్ ఏవీ వద్దు. 460 గ్రేడ్ స్టీమ్ ఆయిల్ మాత్రమే పోయండి. ఆవిరి లూబ్రికేటర్‌లో (నూనె పోసే చిన్న డబ్బాలో) చల్లబడి నీరై అడుగుకు దిగి, నూనెను పైకి నెట్టి, చక్రాలు తిప్పే ఇంజిన్ సిలిండర్లకు పంపుతుంది. ఆడించాక పీడనం సున్నా అయ్యిందని చూసుకుని మూత తీయండి. లోపల నీళ్లుంటే అది పని చేసింది. పెట్టిన నూనె పెట్టినట్టే ఉంటే సిలిండర్లు పొడిగా తిరిగాయన్నమాట, దారి ఎక్కడో మూసుకుపోయింది.

బయల్దేరేటప్పుడు చల్లటి సిలిండర్లలో నీరు నిలుస్తుంది. నీరు నొక్కితే అణగదు, ఒక్కసారిగా ఆవిరి వదిలితే కడ్డీలు వంగుతాయి. చేత్తో ముందుకూ వెనక్కూ మెల్లగా జరుపుతుంటే పొగగొట్టం నుంచి నూనె కలిసిన వేడినీళ్లు చిమ్ముతాయి, ముఖం దూరంగా పెట్టుకోండి. చిమ్మడం ఆగాక వదిలేయండి.

మరో మాట, 45 మి.మీ. పట్టాల మీద 1:22.5 స్కేలంటే (అసలు రైలులో 22.5వ వంతు) దాదాపు మీటర్ గేజ్. పాకాల లైను ఒకప్పుడు ఆ గేజే. రైలు పెట్టెలు కొనేటప్పుడు ఆ స్కేలు చూసి కొనండి.