లేజర్‌ను సెలవు చివరి వారానికి పెట్టుకోకు తమ్ముడూ

నువ్వుండేది న్యూజెర్సీ, అమెరికా పాస్‌పోర్ట్, మైనస్ ఐదు సైటు. మూడు వారాల సెలవు మీద దేవరకొండ వస్తున్నావ్, మధ్యలో చెల్లె పెండ్లి. పెండ్లి అయ్యాక చివరి వారంలో హైదరాబాద్‌లో సైటు పోవడానికి కంటికి లేజర్ చేయించుకుని ఫ్లైట్ ఎక్కొచ్చా అని కదా అడిగావ్. మాది మిర్యాలగూడ, ఉండేది డాలస్, నేనూ ఇట్లనే సెలవులో వచ్చి చేయించుకున్నా.

ఎక్కడమైతే ఎక్కొచ్చు. లాసిక్ అనే ఈ లేజర్ ఆపరేషన్ అయ్యాక మర్నాటి చెకప్ బాగుంటే చాలామందిని వెళ్లనిస్తారు, విమానంలో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి చుక్కల మందు చేతిలో పెట్టుకోవాలి, అంతే. కానీ మర్నాడు, వారానికి, నెలకు, మూడు నెలలకు చూపించుకోవాలి కదా, అందులో మొదటి రెండూ చేసిన డాక్టరే చూడాలని నేనంటాను. ఇన్‌ఫెక్షన్ వచ్చినా, లేజర్ కొట్టడానికి కంటి పైన కోసి లేపే పల్చటి పొర (ఫ్లాప్) ముడత పడ్డా ఎక్కువగా బయటపడేది ఆ రోజుల్లోనే, అప్పుడు నువ్వు ఆఫీసులో కూర్చుని ఉంటే ఏం లాభం? దిగిన వారంలోనే చేయించుకో.

దానికి పని అక్కడి నుంచే మొదలుపెట్టాలి. కాంటాక్ట్ లెన్స్ వాడుతుంటే ముందే తీసేయ్, మెత్తటివైతే ఒకటి రెండు వారాలు, గట్టివైతే మూడు నాలుగు వారాలు. లెన్స్ ఒత్తిడికి కంటి ముందుండే పారదర్శక పొర, అంటే కార్నియా, ఆకారం మారుతుంది, ఆ కొలతలు పట్టుకుని లేజర్ కొడితే పవర్ తేడా వస్తుంది. ఏడాదిగా సైటు పెద్దగా మారలేదని చూపే పాత చీటీలు కూడా తెచ్చుకో.

పరీక్షలు కాకముందు డబ్బు కట్టకు. ఒకచోట నా కళ్లు చూడకుండానే "ఈరోజే అడ్వాన్స్ కడితే డిస్కౌంట్ సార్" అని ఫోన్ మీద ఫోన్, నేనటు పోనేలేదు. అసలు లెక్క కార్నియా మందంలో ఉంటుంది. సుమారు 540 మైక్రాన్లు (వెయ్యి మైక్రాన్లు ఒక మిల్లీమీటరు) ఉంటుంది మనిషికి, ఫ్లాప్‌కు వందో నూట ఇరవయ్యో పోతుంది, మైనస్ ఐదు తీయడానికి ఇంకో అరవై డెబ్బై, అడుగున 250 నుంచి 300 అయినా మిగలాలి. మందం తక్కువైతే పీఆర్‌కే అనే ఇంకో రకం లేజర్ చేద్దామంటారు, అందులో ఫ్లాప్ ఉండదు గానీ మొదటి కొన్ని రోజులు మంట, చూపు మసక, అది పెండ్లి ముందు అసలు వద్దు. కార్నియా ఆకారాన్ని కొలిచే టోపోగ్రఫీ పరీక్షలో అది కోసుగా కనిపిస్తే మొత్తానికే వద్దంటారు, అప్పుడు బతిమాలకు.

ఆపరేషన్ గురించి టెన్షన్ అక్కర్లేదు. చుక్కలేసి కన్ను మొద్దుబారుస్తారు, రెప్పలు పడకుండా క్లిప్, గట్టిగా నొక్కినట్టయి కాసేపు అంతా చీకటి, తర్వాత మినుకుమనే లైటు, వెంట్రుక కాలిన వాసన. నాకైతే ఆ వాసనే గుర్తు.

పెండ్లి సంగతికొస్తే అక్షింతలు! జనం గురి చూసి మొహం మీదికే విసురుతారు, పవర్ లేని అద్దాలు పెట్టుకుని నిలబడు. వారం దాకా తలస్నానం నీళ్లు కంట్లో పడనీయకు, పొగకు దూరంగా ఉండు, నాయనమ్మ ఆముదం చుక్క వేస్తానంటే నవ్వి తప్పుకో. రాత్రి కారు నడపకు. పంతంగి టోల్ దగ్గర ఒక్కో లైటు చుట్టూ నాకు పెద్ద వలయం కనిపించేది, చాన్నాళ్లకు తగ్గింది. మీ బావ కూడా చేయించుకుందామనుకుంటే, ఆయనకు నలభై నాలుగన్నావు కదా, దూరపు సైటు పోయినా చదువుకునే అద్దాలు ఆయనకు తప్పవు, ముందే చెప్పెయ్.

ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం తీసుకున్న మనవాళ్లకు భారత ప్రభుత్వం ఇచ్చేది) ఉంటే వీసా గొడవ లేదు, లేకుంటే మెడికల్ వీసా చూసుకో. అమెరికా ఇన్సూరెన్స్ మామూలుగా దీనికి ఇవ్వదు, హెచ్‌ఎస్‌ఏ (వైద్యం ఖర్చుకని పన్ను లేకుండా దాచుకునే ఖాతా) డబ్బు వాడుకోవచ్చు, బిల్లు మీద పేరు పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే రాయించు.

పవర్ కొంచెం మిగిలి మళ్లీ సరిచేయాల్సి వస్తే ఉచితమా, ఎన్నాళ్ల దాకా అని కాగితం మీద అడుగు, ఎందుకంటే టికెట్ ఖర్చు ఎట్లాగూ నీదే. నెల చెకప్‌కు న్యూజెర్సీలో ఎవరు చూస్తారో ఇప్పుడే ఫోన్ చేసి ఖాయం చేసుకో, బయట చేసిన కేసు అంటే కొందరు వెనకాడతారు. ముందటి పవర్, టోపోగ్రఫీ ప్రింట్లు, ఆపరేషన్ నోట్ మొత్తం ఫైల్ తీసుకెళ్లు. ముసలితనంలో శుక్లాల ఆపరేషన్‌కు లోపల వేసే లెన్స్ లెక్కకట్టేటప్పుడు ఆ పాత కొలతలే అడుగుతారు.