గోదావరి డెల్టాలో ఇల్లు కడుతున్నాం, పెద్దవాళ్ళ ఆరోగ్యం కోసం ఏం చూసుకోవాలి?

రాజోలు దగ్గర పాత పెంకుటిల్లు తీసేసి డాబా కడుతున్నామని రాశారు. అమ్మగారికి ఉబ్బసం, నాన్నగారికి మోకాళ్ళ నొప్పులు. ఇద్దరికీ సుఖంగా ఉండాలంటే ఇల్లు ఎలా ఉండాలి, ప్రతి గదికీ ఏసీ పెట్టించాలా అన్నది మీ ప్రశ్న. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. మా అత్తగారిదీ ఉబ్బసమే. ఆవిడ కోసమే ఆలోచించి కట్టుకున్న ఇల్లు మాది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

అసలు మాట ముందే చెప్పేస్తాను. మన డెల్టాలో ఇంటి ఆరోగ్యాన్ని తేల్చేవి రెండే: నెమ్ము, గాలి. డబ్బు ముందు నేల కింద పెట్టండి, తర్వాత గాలి వచ్చే దారుల మీద పెట్టండి. ఎలివేషన్ (ఇంటి ముందువైపు ముస్తాబు), ఫాల్స్ సీలింగ్, మెరిసే టైల్స్ అన్నీ మిగిలిన డబ్బుతో చూసుకోవచ్చు. మా ఊళ్ళో చాలా ఇళ్ళు దీనికి తలకిందులుగా కడుతున్నారు, అది చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది.

నెమ్ము ఎందుకంత ముఖ్యమంటే, 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన దగ్గర నుంచి మనకు కాలవ నీళ్ళకు కొదవ లేదు. కాలవలు పారినన్నాళ్ళూ మన నేల తడిగానే ఉంటుంది. వానాకాలంలో కాస్త తవ్వితే చాలు, నీళ్ళు ఊరతాయి. ఇటుక ఆ తడిని కింద నుంచి పైకి పీల్చుకుంటుంది. అందుకే పాత డాబాల్లో గోడ కింద రెండు మూడు అడుగుల మేర రంగు పొక్కి, తెల్లటి ఉప్పు పొడి రాలుతూ ఉంటుంది. బీరువా వెనక నల్లగా బూజు పడుతుంది. ఉబ్బసం ఉన్నవాళ్ళకు ఆ బూజు గాలిలో పడుకోవడం కంటే చెరుపు ఇంకొకటి ఉండదు. మందులు వాడుతూనే ఉంటారు, రాత్రిళ్ళు ఆయాసం మాత్రం తగ్గదు.

దీన్ని ఆపాల్సింది పునాది దగ్గరే, తర్వాత ఎన్ని రంగులు వేసినా ఆగదు. పునాది మీద గోడల కింద పోసే కాంక్రీటు దూలం, అంటే ప్లింత్ బీమ్ పోశాక దాని మీద వాటర్‌ప్రూఫ్ కలిపిన డీపీసీ పొర (తడి పైకి ఎక్కకుండా ఆపే పొర) ప్రతి గోడకూ, ఎక్కడా తెగకుండా వేయించండి. ఆ పని జరిగే రోజు మీరు దగ్గరుండాలి. పొర వేశాక కూడా తడి దొంగదారిలో ఎక్కుతుంది. బయట పూలమొక్కల కోసం గోడకు ఆనించి మట్టి పోస్తారు, లేదా అరుగు కట్టి లోపల మట్టి నింపుతారు. ఆ మట్టి డీపీసీ కంటే ఎత్తుకు వచ్చిందంటే తడి పక్క నుంచి గోడలోకి వెళ్ళిపోతుంది. మా అరుగు కట్టేటప్పుడు గోడకూ అరుగుకూ మధ్య తారు షీటు పెట్టమన్నాను. మేస్త్రికి అది అనవసరం అనిపించింది. అయినా పట్టుబట్టి పెట్టించాం. గదుల్లో కూడా మట్టి బదులు ఇసుక నింపి, బాగా నీళ్ళు పోసి దిమ్మిస కొట్టించి, దాని మీద మందపాటి పాలిథీన్ షీటు పరిచి ఆపైన కాంక్రీటు వేయించాం. షీట్లు కలిసే చోట ఒకదాని మీద ఒకటి బాగా ఎక్కేలా ఉండాలి. ఖర్చు పెద్దగా ఉండదు, నేల మాత్రం వానాకాలంలో చెమర్చదు.

మీది సముద్రానికి దగ్గర కాబట్టి ఇంకో సంగతి. బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే కాంక్రీటుకూ, పోశాక దాన్ని తడిపే క్యూరింగ్‌కూ వాడనివ్వకండి, ట్యాంకరు తెప్పించుకోండి. ఆ ఉప్పు ఇనుముకు తుప్పు పట్టిస్తుంది, కొన్నేళ్ళకు స్లాబు పెచ్చులూడుతుంది. మీ స్థలంలో నల్లమట్టి ఉంటే అది వానకు ఉబ్బి ఎండకు బీటలు వారే నేల. మట్టి పరీక్ష చేయించి, పైల్ పునాది (లోతుగా దిగే స్తంభాల పునాది) కావాలో లేదో ఇంజనీరునే అడగండి. గోడ బీటలిస్తే నెమ్ముకు మనమే తలుపు తీసినట్టు.

ఇంటి ఎత్తు విషయంలో మీకు కొంచెం ఇబ్బంది ఉంది. సిమెంటు రోడ్డు వేసినప్పుడల్లా వీధి లేస్తూ ఉంటుంది, ఇల్లు పల్లంలో పడిపోతుంది. 1986 వరద నీళ్ళు మీ వీధిలో ఎంతదాకా వచ్చాయో పెద్దవాళ్ళను అడగండి, 2022 జులై వరద మీకే గుర్తుండి ఉంటుంది. దాని కంటే పైకే నేల రావాలి. రోడ్డు మీద మూడడుగులు లేపితే మంచిది. మరి నాన్నగారి మోకాళ్ళు? చక్రాల కుర్చీకి సరిపడే వాలు పెట్టాలంటే ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు కావాలి. అంటే మూడడుగులకు ముప్పై ఆరు అడుగులు. వీధి వైపు అంత చోటు ఎవరికీ ఉండదు. ఇంటి పక్క సందులోంచి మొదలుపెట్టి, మధ్యలో నిలబడే చోటు ఇచ్చి, వసారాలోకి తిప్పుకోండి. ఇప్పుడు కట్టకపోయినా ఆ చోటు వదిలిపెట్టండి. ముందు మెట్లు మాత్రం ఒక్కోటి ఆరంగుళాల ఎత్తు మించకుండా, అడుగు వెడల్పుతో, రెండు వైపులా పట్టుకోవడానికి రైలింగుతో కట్టించండి.

ఇక గాలి. మన వేసవిలో పొద్దున పడమటి వేడిగాలి, మధ్యాహ్నం దాటాక సముద్రం మీద నుంచి వచ్చే చల్లగాలి. ఆ సాయంత్రపు గాలి దక్షిణం, ఆగ్నేయం వైపు నుంచి వస్తుంది. అటువైపు కిటికీ, దానికి ఎదురు గోడకు ఇంకో కిటికీ ఉంటేనే గాలి గదిలోంచి పారుతుంది. ఒక్క గోడకే రెండు కిటికీలు పెడితే లాభం లేదు. వాస్తు చూపించుకుంటే ప్లాను గీయకముందే చూపించండి, దక్షిణపు కిటికీల సంగతి అప్పుడే సిద్ధాంతి గారితో మాట్లాడుకోండి. మాకు ఆయన అభ్యంతరం చెప్పలేదు. ప్లాను అయిపోయాక మార్పులంటే మాత్రం మూసేసేది ముందు కిటికీలనే.

పాత ఇళ్ళలో కిటికీలు ఎంత కిందకి ఉండేవో మీకు తెలిసే ఉంటుంది. మంచం మీద పడుకున్న మనిషికి గాలి తగిలేది. ఇప్పుడు మూడు, మూడున్నర అడుగుల ఎత్తున పెడుతున్నారు, గాలి మనిషి మీదుగా వెళ్ళిపోతుంది. మా అత్తగారి గదిలో కిటికీ నేల నుంచి రెండడుగుల ఎత్తులో మొదలవుతుంది, గట్టి ఊచలు పెట్టించాం. దోమల మెష్ గాలిని కొంత ఆపుతుంది, అందుకని కిటికీ అనుకున్నదాని కంటే పెద్దదే పెట్టుకోండి.

మండువా లోగిళ్ళలో, అంటే నడుమ పైకప్పు లేకుండా వదిలిన పాత ఇళ్ళలో, వేడిగాలి మధ్యలోంచి పైకి పోయేది. చోటున్నవాళ్ళు ఇప్పుడూ మండువా పెట్టిస్తున్నారు గానీ, పైన అద్దాలతో బిగించేస్తున్నారు. దాంతో వెలుతురు వస్తుంది, వేడి లోపలే ఉండిపోతుంది. మాకు మండువాకు చోటు లేదు. మెట్ల గదినే పైదాకా లేపి, స్లాబు కింద నాలుగు వైపులా వాన పడని వెంటిలేటర్లు పెట్టించాం. సాయంత్రం కింద కిటికీలు తెరిస్తే వేడి అటు నుంచి వెళ్ళిపోతుంది. ఉక్కపోతకు మన దగ్గర ఎయిర్ కూలర్ పనికిరాదు. గాలిలో అప్పటికే తేమ ఉన్నప్పుడు ఇంకా తేమ కలిపితే ఒళ్ళు జిడ్డు, గోడలు చెమ్మ.

వేసవిలో మధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు కాబట్టి గోడల కంటే పైకప్పుకే ఎక్కువ వేడి. మేడ మీద తెల్లటి కూల్ రూఫ్ పెయింటు వేయించండి. కొబ్బరి మట్టలు పరవడం చల్లనే గానీ తేళ్ళు చేరతాయి.

దోమల గురించి కాస్త ఆగి చెప్పాలి. మన గోదావరి జిల్లాలు బోదకాలుకు పేరుపడ్డవి. ఆ జబ్బు మోసే క్యూలెక్స్ దోమ మురికినీటిలో, ముఖ్యంగా సెప్టిక్ ట్యాంకులో పెరుగుతుంది. ట్యాంకు నుంచి పైకి లేచే గాలి గొట్టం చూడండి, దాని మూతికి ఏమీ ఉండదు. లోపల పుట్టిన దోమలన్నీ అందులోంచే బయటికి వస్తాయి. ఆ గొట్టం మూతికి నైలాన్ మెష్ చుట్టి రాగి తీగతో బిగించాలి. ప్లంబరు గొట్టం నిలబెట్టిన రోజే చేయించండి, తర్వాత అంత ఎత్తు ఎవరూ ఎక్కరు. ట్యాంకు మూతల అంచుల్లో సందులుంటే సిమెంటుతో పూయించండి. డెంగీ దోమది వేరే పద్ధతి, అది ఎక్కువగా నిలవ ఉన్న మంచినీళ్ళలో గుడ్లు పెడుతుంది, ఎక్కువగా పగలే కుడుతుంది. గుడ్డు దోమ కావడానికి వారం పది రోజులు చాలు. అందుకే ఓవర్‌హెడ్ ట్యాంకుకీ సంపుకీ బిగుతైన మూతలు, మేడ మీద నీళ్ళు నిలవని వాలు. బోరుకీ సెప్టిక్ ట్యాంకుకీ మధ్య స్థలంలో ఎంత దూరం వీలైతే అంత దూరం ఉంచండి. మన దగ్గర నీళ్ళు పైనే ఉంటాయి కాబట్టి ట్యాంకు నీరు చప్పున భూమిలో ఇంకదు, బోరును చెడగొడుతుంది.

వంటింట్లో పొయ్యి పైన ఎగ్జాస్ట్ ఫ్యాన్, ఎదురుగా కిటికీ, రెండూ ఉండాలి. లోపలికి గాలి రాకపోతే ఫ్యాన్ ఊరికే తిరుగుతుంది. పోపులో ఎండుమిరపకాయ వేసినప్పుడు అమ్మగారు పక్కగదిలో దగ్గారంటే ఆ ఫ్యాన్ సరిగా లాగడం లేదన్నమాట. వేణ్ణీళ్ళ పొయ్యి పెరట్లో ఎటు పెడతారో కూడా ఆలోచించండి. కొబ్బరి డొక్కలతో నీళ్ళు కాచేది చలికాలంలోనే ఎక్కువ, అప్పుడు గాలి ఉత్తరం, ఈశాన్యం నుంచి వస్తుంది. పొయ్యి అటువైపు ఉంటే పొగంతా ఇంట్లోకే. అమ్మగారి ఆరోగ్యం దృష్ట్యా గీజరు పెట్టించి ఆ పొయ్యి మానేయడమే నా సలహా. ఇంకొకటి, ఆవిడ గదిలో ప్లైవుడ్ కప్‌బోర్డులు వద్దు. కొత్తలో వాసన, తర్వాత చెమ్మకు ఉబ్బడం. కడప బండల అరలు మేలు. గోడలకు కూడా మొదటి వానాకాలం దాటేదాకా పుట్టీ, పెయింటు వేయకుండా సున్నం వేయించి వదిలేయండి. గోడ పూర్తిగా ఆరుతుంది, సున్నం మీద బూజు కూడా తొందరగా పట్టదు.

బాత్‌రూమ్ తలుపు బయటికి తెరుచుకునేలా పెట్టండి. లోపల ఎవరైనా పడితే, లోపలికి తెరిచే తలుపుకు ఆ మనిషే అడ్డం పడతారు, తెరవలేం. జారని టైల్స్, గరుకుగా ఉన్నవి. కమోడ్ పక్క గోడకు స్టీలు రాడ్డు కావాలి, అది ఇటుకలోకి దిగాలి, టైలుకు అంటించింది బరువు ఆపదు. ఇవి మీకు తెలిసినవే అయి ఉంటాయి. సింహద్వారానికి గడప ఉంచుకుని లోపలి గుమ్మాలకు తీసేయండి, తలుపులు మూడడుగుల వెడల్పు ఉండనివ్వండి.

మీరు అడగకపోయినా, వీధి అరుగు తీసేయకండి అని వేడుకుంటున్నాను. ఇప్పుడు అందరూ నిలువెత్తు ప్రహరీ, ఇనుప గేటు పెట్టి పెద్దవాళ్ళను టీవీ ముందు కూర్చోబెడుతున్నారు. మా అత్తగారు సాయంత్రం నాలుగింటికి అరుగు మీదకు వస్తారు. స్కూలు నుంచి వచ్చే పిల్లలు, పాలకేంద్రానికి వెళ్ళేవాళ్ళు, ఎవరో ఒకరు ఆగి పలకరిస్తారు. ఏ ఊరి సంబంధం, ఎవరి కోడలు పుట్టింటికి వెళ్ళింది, అన్నీ ఆవిడకు అక్కడే తెలుస్తాయి. ఆ రెండు గంటలూ ఆవిడ ఆయాసం మాటే ఎత్తరు. అరుగు ఎత్తు మాత్రం పాతవాటిలా కిందకి కాకుండా, కుర్చీ ఎత్తుకు, అంటే పద్దెనిమిది అంగుళాలకు కట్టించండి. లేవడానికి మోకాళ్ళ మీద భారం పడదు. ప్రహరీ కూర్చున్న మనిషికి వీధి కనిపించేంత ఎత్తులో ఆపండి.

ఏసీ అమ్మగారి గదికి ఒకటి పెట్టించండి. మే నెలలో, పొలాల్లో గడ్డి తగలబెట్టే రోజుల్లో కిటికీలు మూసుకోక తప్పదు, అప్పుడు పనికొస్తుంది. ఫిల్టరు రెండు వారాలకోసారి కడగాలి. మిగతా గదులకు వైరింగు, పైపు దారి వదిలిపెట్టి ఒక వేసవి చూడండి. పునాది పని కాలవలు కట్టేసిన రోజుల్లో, అంటే ఎండాకాలంలో పెట్టుకోండి, గోతుల్లో నీరు తోడే పని తగ్గుతుంది. ప్లాను గీయించాక ఫొటో పెడితే కిటికీల వరకు నేనూ చూసి చెప్తాను.