పెద్దవాళ్లతో యోగా మొదలుపెట్టే ముందు

అమ్మాయీ,

గుడి హాల్లో పెద్దవాళ్లకి యోగా, సత్సంగం పెడుతున్నావని తెలిసింది. చాలా సంతోషం. ఇలాంటి గ్రూపులు నడిపినదాన్ని కాబట్టి చనువుగా నాలుగు మాటలు చెబుతాను, విను.

"ఆరోగ్యానికి మంచిది, రండి" అని పిలిస్తే మొదటి వారం వస్తారు, రెండో వారానికి మోకాళ్లనొప్పులంటారు. అదే "మామయ్యగారూ, విష్ణు సహస్రనామం మీరే చెప్పించాలి, నాకు తడబాటు" అని చూడు, అందరికంటే ముందొచ్చి కూర్చుంటారు. తమతో ఇంకా ఎవరికో పని ఉందనిపించాలి వాళ్లకి. చాపలు పరిపించడం ఒకరికి, హారతి ఒకరికి, హాజరు పుస్తకం లెక్కల పిచ్చి ఉన్నాయనకి అప్పజెప్పు. అన్నీ నువ్వే నెత్తినేసుకోకు.

ఆసనాలంటావా, టీవీలో చూపించేవి మర్చిపో. చక్రాల్లేని గట్టి కుర్చీలు గోడకి ఆనించి వెయ్యి. చేతుల సాయం లేకుండా కుర్చీలోంచి లేవడం, మళ్లీ నెమ్మదిగా కూర్చోవడం (దభీమని కూలబడ్డం లెక్కలోకి రాదు), ఇదొక్కటీ ఎవరి ఓపికని బట్టి వాళ్లతో పదిసార్ల దాకా చేయించు, ఎందుకంటే తొడల్లో సత్తువ ఉంటేనే రాత్రిపూట బాత్రూంకి లేచినప్పుడు తూలిపోరు. వృక్షాసనం, అదే ఒంటికాలి మీద నిలబడేది, కుర్చీ వీపు పట్టుకునే చెయ్యాలి, పాదం పైకెత్తక్కర్లేదు, మడమని రెండో కాలి చీలమండకి ఆనించి వేళ్లు నేలమీదే ఉంచితే చాలు. 65 దాటినవాళ్లకి వారానికి కనీసం 150 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ, అందులో మూడు రోజులైనా తూలకుండా నిలకడ పెంచే వ్యాయామాలు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. కాబట్టి ఆదివారం ఒక్కపూట పెట్టి ఊరుకుంటే కుదరదు, రోజు విడిచి రోజు అరగంటైనా పెట్టు, మిగతా రోజులు నడవమను.

ఎవరికి ఏ జబ్బుందో ముందే రాసుకో. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లతో కపాలభాతి, భస్త్రిక లాంటి గబగబా ఊపిరి కొట్టేవి చేయించకు, ఊపిరి బిగబట్టించకు. గ్లాకోమా (కంటి నరాన్ని దెబ్బతీసే జబ్బు) ఉంటే తల కిందికి పెట్టే ఆసనాలు వద్దు. ఎముకలు గుల్లబారినవాళ్లు ముందుకి వంగి పాదాలు అందుకోవాలని చూడకూడదు. శవాసనం నుంచి పక్కకి తిరిగి, కాసేపు కూర్చుని, అప్పుడు నిలబడాలి, బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు చటుక్కున లేస్తే కళ్లు తిరుగుతాయి. ఇన్సులిన్ తీసుకునేవాళ్లు ఏకాదశి ఉపవాసంతో వస్తే ఆసనాలు మాన్పించి భజనలో కూర్చోబెట్టు. "నాకేం కాదమ్మా" అంటారు, వినకు.

అయ్యాక ప్రవచనం పెట్టి టైమంతా నింపెయ్యకు. గుండ్రంగా కూర్చోబెట్టి భజన చేయించు, వినికిడి తగ్గినవాళ్లకి ఎదుటివాళ్ల పెదాలు కనిపిస్తాయి. తర్వాత వాళ్ల మానాన వాళ్లని వదిలెయ్. కోడళ్ల మీద చాడీలు కూడా ఉంటాయి, ఉండనీ, సగం మంది వచ్చేది ఆ కబుర్ల కోసమే.

వరసగా రెండుసార్లు రాకపోతే ఫోన్ చెయ్యాలి. భార్య పోయిన మగవాళ్ల విషయంలో ఫోన్ కూడా చాలదు, తోటి మగవాళ్లనే ఇంటికి పంపి వెంటబెట్టుకు రమ్మను.

జూన్ 21న యోగా దినోత్సవం నాడు ఘనంగా ప్రారంభిద్దామని ఎవరో ఒకరు అంటారు, ఒప్పుకోకు. ఆ రోజంతా ఫొటోల హడావుడే. వచ్చే సోమవారమే నలుగురితో కానిచ్చెయ్. కుర్చీలు చాలకపోతే చెప్పు, మా వాళ్లనడిగి పంపిస్తాను.

మీ పిన్ని