పాత ఇనుముకు వేసేయమంటున్నారు

ప్రశ్న: మా నాన్న తొక్కిన 22 అంగుళాల అట్లాస్ సైకిలు పదేళ్లుగా పశువుల కొట్టంలో పడి ఉంది. తుప్పు పట్టింది. ఇంట్లోవాళ్లు పాత ఇనుముకు వేసేయమంటున్నారు. బాగవుతుందా?
– ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: తొందరపడకండి. పైన కనిపించే తుప్పుకు కిరోసిన్, ఎమరీ పేపరు చాలు. చూడాల్సింది ఫ్రేము. వెనక ఇరుసు కూర్చునే చోట ఒక పక్క దారం కట్టి, హ్యాండిల్ కింది పైపు ముందు నుంచి తిప్పి, రెండో పక్కకు లాగి కట్టండి. సీటు పైపుకు అటూ ఇటూ దారం ఎంత దూరంలో ఉందో స్కేలుతో కొలవండి. రెండూ సమానమైతే ఫ్రేము వంకర పోలేదు. పైపుల అతుకుల దగ్గర వెంట్రుకంత పగులున్నా మాత్రం ఆశ వదులుకోండి.

పెడల్ ఉండే కడ్డీని (క్రాంకును) మధ్య ఇరుసుకు బిగించే కాటర్ పిన్నుతోనే అసలు తంటా. ముందురోజు రాత్రే నూనె వేసి నానబెట్టండి. క్రాంకు కింద ఇనుప పైపు ముక్క ఆనించి, పిన్ను మీద ఒకే గట్టి దెబ్బ వేయాలి. అనంతపురం టవర్‌క్లాక్ దగ్గర పని నేర్చుకునే రోజుల్లో నేను ఆత్రంగా టకటకా కొట్టి పిన్ను మొన వంచేశా. డ్రిల్లు పెట్టి తొలిచేసరికి మధ్యాహ్నమైంది, మా మేస్త్రీ తిట్లు సాయంత్రం దాకా సాగాయి.

ఆ మధ్య ఇరుసు లోపలి గుండ్లు (బేరింగు గుండ్లు) పాతవి వాడొద్దు. పావు అంగుళంవి, పక్కకు 11 కొత్తవి వేయించండి. రిమ్ములు పోయుంటే పాత సామాన్ల కొట్లో వెతకండి, కానీ స్పోకుల రంధ్రాలు లెక్కపెట్టుకోండి: ముందు 32, వెనక 40.

పెయింటు చివరికి. నాన్నగారి పేరు రాసి ఉంటే అక్కడ గీకొద్దు.