హాలు చరిత్ర రాయబోతున్న అమ్మలుకి

పెరంబూర్, చెన్నై

అమ్మలూ,

మన సెంట్రల్ స్టేషన్ దగ్గరున్న విక్టోరియా పబ్లిక్ హాల్ చరిత్ర నువ్వు రాయబోతున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. సంతోషం సగం, టెన్షన్ సగం.

మామూలు సంగతులు ముందే చెప్పేస్తాను. హాల్లోకి ఎలా వెళ్లాలో పక్కనే రిపన్ బిల్డింగ్‌లో కార్పొరేషన్ వాళ్లని ముందే అడుగు. పాత పత్రికలకి ఎగ్మోర్‌లో కన్నెమరా లైబ్రరీ ఉంది, రికార్డులకి అక్కడే ఆర్కైవ్స్ ఉంది. చీకటి పడ్డాక సెంట్రల్ ముందు ఒంటరిగా బస్సు కోసం నిలబడకు. ఇది ముసలాళ్ల చాదస్తం అనుకోకు, నా మాట విను.

రాసేటప్పుడు ఆర్కిటెక్ట్ చిషోమ్ గీసిన ప్లాను, ఎర్ర ఇటుకల అందం దగ్గరే ఆగిపోకు. అది ఎవరి హాలో అక్కడ మొదలుపెట్టు. ఊరి జనం కూడుకోవడానికి ఒక చోటు కావాలని పెద్దలు చందాలు పోగేసి కట్టించుకున్న హాలు అది. 1883 డిసెంబర్‌లో విజయనగరం మహారాజు ఆనంద గజపతి రాజు శంకుస్థాపన చేశాడు. నేల మునిసిపాలిటీ దగ్గర 99 ఏళ్ల కౌలుకి తీసుకున్నది. బాగోగులు చూసింది ట్రస్టు. పని పూర్తయ్యేసరికి 1890 వచ్చింది. విక్టోరియా రాణిగారి స్వర్ణోత్సవం పేరు మధ్యలో వచ్చి చేరింది.

1891లో బళ్లారి నుంచి ధర్మవరం రామకృష్ణమాచార్యుల సరస వినోదిని సభ మద్రాసు వచ్చి తెలుగు నాటకాలు ఆడింది. అవి చూసిన పమ్మల్ సంబంధ ముదలియార్‌కి అప్పటికి పద్దెనిమిదేళ్లు. ఆ ఏడాదే సుగుణ విలాస సభ పెట్టాడు. ఆ సభ ఈ హాల్లోనే ఏళ్ల తరబడి నాటకాలు వేసింది. తమిళ నాటకానికి అంత చేసిన సభకి ఊపు ఇచ్చింది తెలుగు ఆట అని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. సినిమా సంగతి కూడా వదలకు. మన మచిలీపట్నం రఘుపతి వెంకయ్య బొమ్మకి గొంతు కలిపే క్రోనోమెగాఫోన్ కొని తెచ్చి, జనానికి చూపించింది అక్కడే. ఆయన గెయిటీ థియేటర్ కట్టించింది ఆ తర్వాతే.

ఇక అసలు సంగతి. ఇది మీ నాన్నకి కూడా చెప్పలేదు.

1974లో మా తెలుగు నాటక సంఘం సావనీరుకి ఈ హాలు మీద వ్యాసం నన్ను రాయమన్నారు. ఊళ్లోనే చూళై అనే పేటలో ఒక ముసలి హార్మోనిస్టు ఉండేవాడు. కుర్రతనంలో ఆ హాల్లో వాయించినవాడు. మూడు సాయంత్రాలు ఆయన అరుగు మీద కూర్చున్నాను. మూడో రోజు లోపలికి వెళ్లి, పాత పంచెలో మూటకట్టిన కరపత్రాలు తెచ్చాడు. నాటకం పేరు, వేషాలు ఎవరెవరివి, టికెట్టు ధర, అన్నీ ఉన్నాయి వాటిలో. సావనీరులో అచ్చుకి బ్లాకులు చేయించి వారంలో తిరిగి ఇస్తానన్నాను. "జాగ్రత్త నాయనా" అన్నాడు, అంతే. ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టలేదు. రసీదు రాసివ్వలేదు. మూట ప్రెస్సులో ఇచ్చి వచ్చాను. నెల తర్వాత అడిగితే, చెత్త కాగితాలనుకుని తూకానికి వేసేశామన్నారు.

ఆయన రెండుసార్లు మా ఇంటికి వచ్చాడు. ఆ వయసులో చూళై నుంచి నడిచి. మొదటిసారి అబద్ధం చెప్పాను, ఇంకా ప్రెస్సులోనే ఉన్నాయని. రెండోసారి మీ నాయనమ్మ చేత ఇంట్లో లేనని చెప్పించి, తలుపు వెనక నిలబడ్డాను. మంచినీళ్లు అడిగి తాగి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు. సావనీరులో నా వ్యాసం బాగుందని అందరూ మెచ్చుకున్నారు. అందులో రాజుల పేర్లున్నాయి, ట్రస్టు పెద్దల పేర్లున్నాయి. ఆయన పేరు లేదు.

అందుకే చెప్తున్నాను, ఎవరింట్లోనైనా పాత కాగితం చూపిస్తే దాన్ని గడప దాటించకు. వాళ్ల ముందే ఫోన్‌లో ఫొటో తీసి, వాళ్ల చేతికే ఇచ్చెయ్. "పర్వాలేదమ్మా, తీసుకెళ్లు" అంటారు. అన్నా సరే, తీసుకోకు. నీకు తొందర ఎక్కువ, నా పోలికే. కోప్పడుతున్నానని అనుకోకు తల్లీ. తెర లాగినవాళ్లని, గేటు దగ్గర టికెట్లు చింపినవాళ్లని కూడా పేరు అడిగి రాసుకో.

ఇంకో మాట. ఆ మూటలోది ఒక్క కరపత్రం నా నోటుపుస్తకంలో ఉండిపోయింది. యాభై ఏళ్లుగా బీరువాలోనే ఉంది. ఆయన మనవడు ఇప్పటికీ చూళైలోనే ఉన్నాడని విన్నాను. ఈ ఆదివారం పొద్దున్నే టిఫిన్‌కి వచ్చెయ్, పెసరట్లు వేయిస్తాను. ఆ కరపత్రానికి నువ్వు ఫొటో తీసుకో. తర్వాత ఇద్దరం ఆటోలో చూళై వెళ్దాం. ఆ ఇంటి ముందు నిలబడి పిలవడానికి పక్కన నువ్వుంటే నాకు ధైర్యం.

మీ తాతయ్య