జీఎన్ఎం చదివి అమెరికా వచ్చినవారు ఆసుపత్రిలో ఎల్పీఎన్‌గా చేరవచ్చా?

గుంటూరులో జీఎన్ఎం (మూడేళ్ల నర్సింగ్ డిప్లొమా) పూర్తిచేసి, హెచ్-4 వీసాపై భర్తతో ఒహాయో వచ్చిన మీరు, ఏడాదిలో ముగిసే ఎల్పీఎన్ (లైసెన్స్‌డ్ ప్రాక్టికల్ నర్స్) కోర్సు చేసి ఆసుపత్రిలో చేరడం మంచిదేనా అని అడిగారు. నేను కొలంబస్‌లోని ఒక ఆసుపత్రిలో, మెడికల్-సర్జికల్ వార్డులో, ఆరేళ్లుగా ఎల్పీఎన్‌గా పనిచేస్తున్నాను. ఖమ్మంలో నేను చదివింది బీకాం కనుక ఆ ఏడాది కోర్సు నాకు సరిపోయింది. మూడేళ్లు నర్సింగే చదివిన మీకు మాత్రం అది వెనకడుగు అవుతుందని నా అభిప్రాయం. అందుకు కారణం పని స్వరూపంలోనే ఉంది.

నా డ్యూటీ ఉదయం 7 నుంచి రాత్రి 7 వరకు, వారానికి మూడు రోజులు. రోగి చేరగానే చేసే తొలి పరీక్ష, సంరక్షణ ప్రణాళిక రాయడం మాకు పైస్థాయిలో ఉండే ఆర్ఎన్ (రిజిస్టర్డ్ నర్స్) బాధ్యతలు. మాత్రలు, ఇన్సులిన్, చర్మం కింద ఇచ్చే హెపారిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు), పుండ్లకు కట్లు మార్చడం, మూత్రానికి గొట్టం వేయడం, ముక్కు గొట్టం ద్వారా ఆహారం పంపడం వంటివి నాకు వస్తాయి. సెలైన్ పనులు చూడాలంటే ఒహాయోలో ఎల్పీఎన్‌కు విడిగా శిక్షణ ఉండాలి. ఆ శిక్షణ ఉన్నా రక్తం ఎక్కించకూడదు, నరానికి పెట్టిన గొట్టం పూడిపోకుండా ఇచ్చే సెలైన్, హెపారిన్ తప్ప మరే మందునూ సిరంజితో నేరుగా నరంలోకి ఎక్కించకూడదు. రోగి నొప్పితో మూలుగుతున్నప్పుడు, మార్ఫిన్ రాసి ఉన్నప్పుడు, పక్క గదిలో చిక్కుకున్న ఆర్ఎన్ వచ్చేదాకా మంచం పక్కన నిలబడి సర్దిచెప్పడం ఈ ఉద్యోగంలో నాకు అన్నిటికంటే కష్టమనిపించే ఘడియ. ఎన్నడూ ఆ పని చేయని నాకే అలా ఉంటే, గుంటూరులో రోజూ చేతులారా చేసిన మీకు ఎలా ఉంటుందో ఆలోచించండి.

అయితే ఇది చిన్న పని అనుకోవద్దు. రోగి మంచం దగ్గర ఎక్కువసేపు గడిపేది మేమే కాబట్టి, మార్పును ముందుగా పసిగట్టవలసిందీ మేమే. నేను చేరిన రెండో ఏడు, కొడుకును చూడటానికి వచ్చి జబ్బుపడిన ఒక తెలుగు పెద్దావిడ మా వార్డులో చేరారు. మధ్యాహ్నం భోజనానికి ముందు ఆమె చేతి పట్టీ మీది బార్‌కోడ్ స్కాన్ చేసి, 6 యూనిట్ల ఇన్సులిన్ ఇచ్చి, పళ్లెం ముందు పెట్టి, మరో గదికి వెళ్లిపోయాను. శాకాహారమని రాసి ఉన్నా ఆ పళ్లెంలో కోడిమాంసం సూప్ వచ్చింది. ఎవరినీ ఇబ్బంది పెట్టకూడదని ఆమె ఏమీ తినకుండా ఊరుకున్నారు. నేను తిరిగి వచ్చేసరికి నుదుటంతా చెమటతో, "గాబరాగా ఉందమ్మా" అన్నారు. వీడియో తెరమీద మాట్లాడే దుబాసీ ఆ మాటను ఆందోళన అని అనువదించి ఉంటే, నర్సులు ధైర్యం చెప్పి ఊరుకునేవారేమో. మన ఇళ్లలో పెద్దవాళ్లు గాబరా అంటే అది ఒంట్లో బాగోలేదని చెప్పే మాట కూడా అని తెలిసి వెంటనే షుగర్ చూశాను; 58కి పడిపోయి ఉంది. ఆర్ఎన్‌ను పిలిచి, వార్డు నిబంధన ప్రకారం అరకప్పు యాపిల్ రసం తాగించి, పదిహేను నిమిషాలకు మళ్లీ చూస్తే 84కు చేరింది. తిన్నారో లేదో చూడకుండా వెళ్లడం నా పొరపాటేనని ఆ రోజే రాసిచ్చాను. ఇన్సులిన్ ఇచ్చిన తరువాత మొదటి ముద్ద నోట్లోకి వెళ్లేదాకా ఇప్పుడు గది దాటను. (ఆమెతో తెలుగులో మాట్లాడవచ్చు గానీ, ఆపరేషన్ అంగీకార పత్రాన్ని వివరించే దుబాసీగా నేను ఉండకూడదు. దానికి అర్హత గల దుబాసీనే పిలవాలి.)

జీతం సంగతికి వస్తే, 2024 మే నాటి ప్రభుత్వ కార్మిక గణాంకాలలో ఎల్పీఎన్ల మధ్యస్థ వార్షిక వేతనం 62,340 డాలర్లు, ఆర్ఎన్లది 93,600 డాలర్లు. పైగా చాలా ఆసుపత్రులు ఎల్పీఎన్లను తక్కువగా తీసుకుంటాయి, ఎక్కువ ఉద్యోగాలు వృద్ధుల నర్సింగ్ హోముల్లో ఉంటాయి. మీరు ఆసుపత్రి అనే ప్రత్యేకంగా అడిగారు కనుక ఇది తెలిసి ఉండాలి.

హెచ్-4 మీద చదువుకోవచ్చు గానీ, పనిచేయాలంటే ఈఏడీ (పని అనుమతి పత్రం) కావాలి. అందుకోసం మీవారి ఐ-140 (గ్రీన్‌కార్డు కోసం యజమాని వేసే దరఖాస్తు) ఆమోదం పొందిందో లేదో ముందు కనుక్కోండి. ఆ తరువాత మీ జీఎన్ఎం పత్రాలను, చదువును ఇక్కడి ప్రమాణాలతో పోల్చి చూసే మదింపునకు పంపి, ఆర్ఎన్ అర్హత పరీక్షకు రాష్ట్ర నర్సింగ్ బోర్డు అనుమతి అడగండి. చదువులో ఏవైనా అంశాలు తగ్గాయని బోర్డు చెబితే, అప్పుడు ఆ మేరకు కోర్సులు చేయడం గురించి ఆలోచించవచ్చు. మార్కుల పత్రాలు మీ చేతి మీదుగా కాక, చదివిన స్కూలు నుంచి నేరుగా మదింపు సంస్థకు వెళ్లాలి. ఈమెయిళ్లకు జవాబు రాకపోతే గుంటూరులో ఉన్న మీవాళ్లెవరినైనా అధికారపత్రంతో స్వయంగా స్కూలుకు పంపండి, ఆలస్యమంతా సాధారణంగా అక్కడే జరుగుతుంది.